ఇనుము చెప్పే సాక్ష్యం

భిక్నూర్ చుట్టుపక్కల బీడీ మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి తునికాకు చుట్టే ఆడవాళ్లకు నడుము, మోకాళ్లు పోతాయి. ఆ బీడీలు కాల్చే మగవాళ్లలో కొందరికి నలభై ఏళ్లు నిండకముందే కాలి వేళ్లు నల్లబడతాయి. న్యూయార్క్ వైద్యుడు లియో బర్జర్ 1908లో ఆ జబ్బును వివరించాడు, ఆయన పేరుతోనే దాన్ని బర్జర్స్ వ్యాధి అంటున్నారు. కాళ్లూ చేతుల్లోని రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. నొప్పితో రాత్రిళ్లు నిద్ర పట్టదు. ముదిరితే వేలో పాదమో తీసెయ్యాల్సి వస్తుంది.

అట్లాంటి రోగికి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే కాలు దక్కుతుందట అన్న మాట మీద మొదలైన వాదన ఇది. ఒకరు సర్కారు దవాఖానల్లో పనిచేసి రిటైరైన డాక్టరు. రెండో అతను ఆయన మేనల్లుడు. భిక్నూర్‌లోని తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్‌లో, అంటే పాతవాళ్లు ఇప్పటికీ పీజీ సెంటర్ అనే చోట, కెమిస్ట్రీ చెబుతాడు. వీళ్లిద్దరూ నా కల్పన. వాళ్ల నోట వచ్చే పేర్లు, సంవత్సరాలు, లెక్కలు మాత్రం కల్పన కావు. సెల్స్ ఎక్కించాలా వద్దా అన్నది వాళ్ల తగాదా కాదు. ఎక్కించే సెల్స్‌కు ఇనుప రేణువుల గుర్తు పెట్టి, ఎంఆర్‌ఐతో వాటి వెంటపడాలా అన్నది తగాదా.

అల్లుడు: మామా, నాకు ఒక్కటే సమజైతలేదు. బర్జర్స్ జబ్బుకు పిక్క కండల్లకు పన్నెండు కోట్ల సెల్స్ ఎక్కిస్తరు. తెల్లారి అవి ఎక్కడున్నయి, ఎన్ని బతికినయి అంటే ఎక్కించిన డాక్టరు కూడా చెప్పలేడు. దీన్ని వైద్యం అందామా?

మామ: పన్నెండు కోట్లు ఎక్కడి లెక్క?

అల్లుడు: బెంగళూరు స్టెంప్యూటిక్స్ కంపెనీ లెక్కనే. వేరేవాళ్ల ఎముక మూలుగ నుంచి తీసి పెంచిన సెల్స్. మన డ్రగ్స్ కంట్రోలర్ 2016ల బర్జర్స్ వ్యాధికి పరిమిత అనుమతి ఇచ్చిండు. మోతాదు శరీర బరువుల కిలోకు 20 లక్షలు. అరవై కిలోల మనిషికి ఎంతయింది?

మామ: సరే, పన్నెండు కోట్లే. కని ఆ కంపెనీ 90 మంది రోగుల మీద చేసిన ట్రయల్‌ల ఏం కొలిచిన్రు? నొప్పి తగ్గిందా, పుండు మానిందా, చీలమండ దగ్గర రక్తపు ఒత్తిడి పెరిగిందా. రోగికి కావాల్సింది అదే. సెల్ యాడ పండుకున్నదో ఆయనకెందుకు?

అల్లుడు: ఆ ట్రయల్ ఓపెన్ లేబుల్. ఎవరికి ఏం ఇచ్చిన్రో రోగికి తెలుసు, డాక్టరుకు తెలుసు. అసలు మందు పడ్డదన్న ధైర్యానికే నొప్పి సగం తగ్గుతది. ఇంకో సంగతి, ఆ రోగులకు ముందుగాల బీడీ బంజెయ్యమని చెప్తరు. బీడీ బంజేస్తే ఈ జబ్బు దానంతట అదే నెమ్మదిస్తది. మరి పుండు సెల్స్‌తోని మానిందా, బీడీ మానినందుకు మానిందా? సెల్స్ పుండు దగ్గరికి చేరినయని చూపెట్టకుంట ఎట్ల తేలుస్తవు?

మామ: మంచి ప్రశ్ననే. జవాబే మంచిగ లేదు. నీ ఇనుము సంగతి చెప్పు, విందాం.

అల్లుడు: ఫెర్రస్ క్లోరైడ్ ఒక పాలు, ఫెర్రిక్ క్లోరైడ్ రెండు పాళ్లు నీళ్లల్ల కలిపి అమోనియా పోస్తే బీకరుల నల్లటి పొడి దిగుతది. అదే మాగ్నెటైట్. జాగ్రత్తగ చేస్తే రేణువు పది నానోమీటర్లకు అటిటు ఉంటది. ఒక్క మిల్లీమీటరు పొడుగుల అట్లాంటివి లక్ష వరుసగ పడతయి. అంత చిన్నగ అయినంక ఇనుము గుణం మారుతది. పక్కన అయస్కాంతం ఉన్నంతసేపే అయస్కాంతమైతది, తీసెయ్యంగనే మర్చిపోతది. అందుకే ఒంట్లకు పోయినా ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కట్టది. పైన డెక్స్‌ట్రాన్ అనే చక్కెర పొర ఉంటది. సెల్స్ పెంచే ద్రవంల ఈ రేణువులు కలిపి రాత్రంత ఉంచితే సెల్స్ మింగుతయి. సరిగ్గ మింగకపోతే ప్రొటమిన్ సల్ఫేట్ కలుపుతరు. అది గుండె ఆపరేషన్లల్ల హెపారిన్‌కు విరుగుడుగ మీరు వాడేదే.

మామ: ఎంఆర్‌ఐల ఎట్ల అగుపిస్తది?

అల్లుడు: ఎంఆర్‌ఐ చూసేది ఒంట్ల నీళ్లల్ల ఉన్న హైడ్రోజన్‌ను. 1.5 టెస్లా మిషన్ అంటే భూమి అయస్కాంత బలానికి ముప్పై వేల రెట్లకు పైనే. ఆ బలం కింద హైడ్రోజన్ కేంద్రకాలన్నీ ఒక్క తాళంల తిరుగుతయి. నడిమిట్ల ఇనుప రేణువులు ఉన్న సెల్ ఉంటే దాని చుట్టు తాళం తప్పుతది, సిగ్నల్ పడిపోతది. బొమ్మల నల్లమచ్చ వస్తది. మచ్చ సెల్ కంటే చానా పెద్దగ వస్తది, అదే లాభం. రేడియేషన్ లేదు. పక్కనున్న కండ, ఎముక, నరం అన్నీ అదే బొమ్మల వస్తయి.

మామ: ఒంట్లకు ఎంత ఇనుము పోతది?

అల్లుడు: నువ్వు భయపెడతవని ఆ లెక్క ముందే కట్టిన. సెల్‌కు దాదాపు పది పికోగ్రాములు అనుకో. పన్నెండు కోట్ల సెల్స్‌కు కలిపి 1.2 మిల్లీగ్రాములు. మనిషి పేగులు అన్నంల నుంచి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుము తీసుకుంటయి. ఒక్క సీసా రక్తం ఎక్కిస్తే రెండు వందల మిల్లీగ్రాములకు పైన లోపలికి పోతది. ఇది ఒక్క రోజు తిండిల ఉన్నంత లేదు.

మామ: ఇనుముతోని విషం అని నేను అనలేదు రా. అబద్ధం అన్న.

(పెద్దాయన వాదనంతా ఈ ఒక్క మాటలో ఉంది. నానో రేణువుల మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా విషమా కాదా దగ్గరే ఆగిపోతాయి. అసలు గొడవ అది కాదని నాకూ అనిపిస్తుంది.)

అల్లుడు: అబద్ధం ఎట్లయితది? బొమ్మ కండ్ల ముందట ఉంటది.

మామ: 2017ల గొర్రెల పంపిణీ అయినప్పుడు చెవులకు ట్యాగులు కొట్టిన్రు, యాదున్నదా? గొర్రెను తోడేలు తిన్నదనుకో. ట్యాగు తోడేలు కడుపుల ఉంటది. నువ్వు దూరం నుంచి ట్యాగును చూసి, నా గొర్రె గుట్ట మీద మంచిగ మేస్తున్నదంటవు. ఇనుము సంగతి కూడా గంతే. ఎక్కించిన సెల్ సచ్చిపోతది. సచ్చినదాన్ని ఊడ్చే మాక్రోఫేజ్‌లు వచ్చి ఇనుముతో సహా మింగుతయి. అవి అక్కడ్నే కూసుంటయి. నీ ఎంఆర్‌ఐల నల్లమచ్చ అట్లనే ఉంటది.

అల్లుడు: ఉండొచ్చు. అట్ల ఉన్నదని చూపెట్టిన్రా?

మామ: చూపెట్టిన్రు. ‘సర్క్యులేషన్’ పత్రికల 2008ల టెరోవిటిస్, ఆయన తోటివాళ్లు రాసిన్రు. ఎలుకల గుండెలకు ఇనుము పట్టిన సెల్స్ ఎక్కించిన్రు. మూడు వారాలకు ఎంఆర్‌ఐల మచ్చలు చెక్కుచెదరలే. గుండె కోసి సూక్ష్మదర్శినిల చూస్తే ఎక్కించిన సెల్స్ దాదాపు లేవు, ఇనుమంత మాక్రోఫేజ్‌లల్ల ఉన్నది. పేపరు పేరే అది, సెల్స్ బతుకును ఎంఆర్‌ఐ ఎక్కువ చేసి చూపెడతదని. ఇప్పుడు చెప్పు, పిక్కల మచ్చ అట్లనే ఉన్నదని చూపెట్టి, మీ ఆయన కాలుకు సెల్స్ పని చేస్తున్నయమ్మా అంటే ఆ ఇంటామె నమ్మదా? నమ్మి రెండో డోసుకు చెవుల కమ్మలు అమ్మదా?

అల్లుడు: అది చూపెట్టే మనిషి మోసం. ఇనుము చేసిన మోసం కాదు.

మామ: మనిషికి మోసం చెయ్యాలంటే ఒక బొమ్మ కావాలె. నువ్వు ఆ బొమ్మ తయారు చేసి ఇస్తున్నవు.

అల్లుడు: అట్లయితే ఎక్స్‌రేను కూడా బంజెయ్యాలె. మామా, నువ్వు మూడో వారం సంగతి చెప్తున్నవు, నేను సూది పొడిచిననాటి సంగతి చెప్త. 2005ల హాలండ్‌లోని నైమెగన్‌ల డి వ్రీస్, ఫిగ్డర్, అమెరికా నుంచి బుల్టె కలిసి చేసిన పని. మెలనోమా క్యాన్సర్ రోగులు ఎనిమిది మంది. వాళ్ల రోగనిరోధక డెండ్రిటిక్ సెల్స్‌కు ఇనుము పట్టించి లింఫ్ గ్రంథిలకు టీకా లెక్క ఎక్కించిన్రు. అనుభవం ఉన్న డాక్టరే, అల్ట్రాసౌండ్ చూసుకుంటనే సూది పొడిచిండు. తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే ఎనిమిది మందిల నలుగురికి సెల్స్ గ్రంథిల లేవు, పక్కన కొవ్వుల పడి ఉన్నయి. నలుగురికి మామా! సగం.

మామ: ...

అల్లుడు: మాట్లాడవేం? ఆ ట్రయల్ ఫెయిలైతే మనం ఏమనుకునేటోళ్లం? ఈ టీకా పనికిరాదు అనేటోళ్లం. టీకాకు ఏం కాలేదు. సూది తప్పింది. ప్రపంచం మీద సెల్ వైద్యం పని చేయలేదని తేల్చిన ట్రయల్స్‌ల ఎన్ని నిజంగ పని చేయలేదో, ఎన్నిట్ల సూది పక్కకు పోయిందో ఎవరు చెప్తరు?

మామ: ఆ పేపరు నేను కాదనను. సూది తప్పుతదని నాకంటే ఎక్కువ ఎవలకు తెలుసు? పిరుదుకు ఇచ్చే ఇంజెక్షన్ కూడా కండకు చేరకుంట కొవ్వులనే ఆగిపోతది చానామందికి. కని ఆ పనికి ఇనుమే ఎందుకు? మన హైదరాబాదుల వేరే తీరుగ చేసిన్రు. కంచన్‌బాగ్‌ల దక్కన్ మెడికల్ కాలేజీ తెలుసా?

అల్లుడు: హబీబుల్లా సార్ లివర్ రీసెర్చ్ సెంటర్.

మామ: ఆ. సి.ఎం. హబీబుల్లా. లివర్ ఒక్కసారిగ కూలిపోయిన రోగులకు పిండం లివర్ సెల్స్ కడుపుల ఎక్కించి 1994లనే ‘ట్రాన్స్‌ప్లాంటేషన్’ పత్రికల రాసిన్రు. తర్వాత 2010ల సిరోసిస్ ముదిరిన 25 మందికి పిండం లివర్ నుంచి తీసిన మూలకణాలను హెపాటిక్ ధమని ద్వారా ఎక్కించిన్రు. ఎక్కించే ముందు ఆ సెల్స్‌కు గుర్తు పెట్టిన్రు. ఇనుము కాదు, టెక్నీషియం. గామా కెమెరా కింద పండుకోబెట్టి చూసిన్రు, లివర్‌కు పోయినయా లేదా అని. పని అయిపోయింది. మన దగ్గర్నే, ఉన్న మిషన్‌తోనే.

అల్లుడు: టెక్నీషియం అర్ధాయువు ఆరు గంటలు. తెల్లారేసరికి పదహారో వంతు మిగులుతది. తర్వాత?

మామ: తర్వాత అది నోరు మూసుకుంటది. అదే దాని గొప్ప. తెలిసినంతసేపు చెప్తది, తెల్వనప్పుడు చెప్పది. సెల్ సచ్చేలోపల అదే ఆరిపోతది కాబట్టి సచ్చిన సెల్‌ను బతికున్నదని చెప్పే సందు దానికి దొరకది. నీ ఇనుముకు నోరు మూసుకునుడు రాదు.

(ఇక్కడ నేను పెద్దాయన వైపు మొగ్గుతాను. పరికరం ఎంతకాలం చూపగలదన్నది ఒకటి, ఎంతకాలం నిజం చూపగలదన్నది ఇంకొకటి. రెండోది మొదటిదానికంటే తక్కువైతే ఆ తేడా ఉన్న రోజులన్నీ రోగికి ప్రమాదమే.)

అల్లుడు: రేడియేషన్ సంగతి మర్చిపోయినవు. సెల్ లోపలనే రేడియోధార్మిక పదార్థం పెడుతున్నవు. గామా కెమెరాల వచ్చేది మసక బొమ్మ. లివర్ అంత పెద్దది కాబట్టి అందుట్ల ఉన్నయని చెప్పగలుగుతరు. లింఫ్ గ్రంథి చింతగింజంత. అందుట్ల ఉన్నయా, దాని పక్కన కొవ్వుల ఉన్నయా అన్నది అందుట్ల తెల్వది. నైమెగన్‌ల కొన్ని సెల్స్‌కు ఇనుము, కొన్నిటికి టెక్నీషియం లెక్కనే రేడియోధార్మికమైన ఇండియం పట్టించి కలిపి ఎక్కించిన్రు, రెండు బొమ్మలు తీసిన్రు. తప్పు దొరికింది ఎంఆర్‌ఐల.

మామ: చిన్న జాగకు నీదే మేలు, ఒప్పుకుంట. మరి రక్తనాళంల ఎక్కించినప్పుడు? అట్ల ఎక్కించిన మూలకణాలల్ల ఎక్కువ భాగం మొదలు ఊపిరితిత్తుల సన్నటి నాళాలల్ల చిక్కుకుంటది. ఊపిరితిత్తులంటే గాలి, ఎంఆర్‌ఐల ముందే నల్లగ ఉంటయి. నల్లదాంట్ల నల్లమచ్చ ఏం చూస్తవు? జాన్స్ హాప్కిన్స్‌ల క్రైచ్‌మన్ వాళ్లు 2005లనే కుక్కల మీద రెండు గుర్తులూ పెట్టి చూసిన్రు. సెల్స్ ఊపిరితిత్తులకు పోయి, మెల్లగ గుండెపోటు వచ్చిన జాగకు మళ్లుడు ఇండియం చూపెట్టింది. ఎంఆర్‌ఐ చూపెట్టలేకపోయింది.

అల్లుడు: పిక్కల కండలకు ఎక్కించేదానికి ఊపిరితిత్తుల ముచ్చట ఎందుకు?

మామ: ఎందుకంటే ఊర్లల్ల దుకాణం పెట్టేటోడు పిక్కకు ఎక్కియ్యడు. సెలైన్ బాటిల్ల కలిపి నరానికి ఎక్కిస్తడు. పక్షవాతానికి అదే, షుగరుకు అదే, మోకాళ్లకు అదే.

అల్లుడు: మోకాళ్లంటే యాదికొచ్చింది. మోకీలు అరుగుదలకు కూడా అదే బెంగళూరు కంపెనీ సెల్స్‌కు 2022ల అనుమతి వచ్చింది, నేరుగ కీలులకు ఎక్కించేది. బీడీలు చేసే మన ఆడోళ్లకు రేపు ఇదే చెప్తరు. మరి ఆ సెల్స్ కీలుల నిలిచినయా, బయటికి కారిపోయినయా చూడొద్దా?

మామ: చూడు. కని మోకాలు పేరు చెప్పి నువ్వే దొరికినవు. 2004ల బుల్టె బృందమే, అంటే నీ నైమెగన్ పనిల ఉన్న మనిషే, ఇనుము పట్టించిన మూలకణాలను పరీక్ష పెట్టింది. అవి కొవ్వుగ మారినయి, ఎముకగ మారినయి. మృదులాస్థిగ మాత్రం మారలే. మోకాలుకు కావాల్సింది మృదులాస్థి. గుర్తు పెట్టుడే పనిని పాడు చేస్తే ఇంక ఆ గుర్తెందుకు?

అల్లుడు: ఆ పరీక్షల రేణువులను సెల్స్‌లకు పంపడానికి పాలీలైసీన్ కలిపిన్రు. మరుసటేడు ఆర్బబ్, ఫ్రాంక్ వాళ్లు ప్రొటమిన్‌తోని చేస్తే మృదులాస్థిగ మంచిగనే మారినయి. తప్పు ఇనుముదా, కలిపినదానిదా అన్నది ఇంకా వాదనే. వాదన ఉన్నదంటే పని జరుగుతున్నదనే. ఇంకోటి చెప్త. పాత రేణువులను వదిలిపెట్టి ఫెరుమాక్సిటాల్ వాడొచ్చని 2012ల ‘నేచర్ మెడిసిన్’ల వచ్చింది. కిడ్నీ రోగుల రక్తహీనతకు అమెరికాల 2009 నుంచి ఇస్తున్న ఇంజెక్షన్ మందే అది. హెపారిన్, ప్రొటమిన్ కలిపితే మూడు ఒకదానికొకటి అతుక్కుని సెల్స్‌లకు పోతయి. మూడూ అనుమతి ఉన్న మందులే.

మామ: ఆ ఫెరుమాక్సిటాల్‌కు 2015ల అమెరికాల పెట్టె కట్టి హెచ్చరిక రాయించిన్రు, ఎక్కించేటప్పుడు ప్రాణం మీదికి వచ్చే అలర్జీ రావొచ్చని.

అల్లుడు: అది నేరుగ నరంలకు వందల మిల్లీగ్రాములు ఎక్కిస్తే. ఇక్కడ సెల్ మింగినంత పోను మిగిలింది కడిగేస్తరు. మిల్లీగ్రాము చిల్లరతోని పోల్చకు.

మామ: సరే, అది వాపసు తీసుకుంట. అయినా అడుగుత. లివర్ ఎంఆర్‌ఐ కోసం ఫెరిడెక్స్ అని వచ్చింది, 1996ల అనుమతి. 2008కే కంపెనీ బంజేసింది. యూరప్‌ల రిసోవిస్ట్ కూడా అంగట్లకెల్లి పోయింది. నీ నైమెగన్, 2006ల షాంఘై హువాషాన్ ఆసుపత్రిల మెదడు దెబ్బ తగిలిన రోగి సెల్స్‌ను వెంబడించిన పని, అన్నీ ఆ కాలపు మందులతోనే. అంత మంచిదైతే ఎందుకు ఆగింది?

అల్లుడు: అమ్ముడుపోక. విషమని తేలి కాదు. లివర్ బొమ్మలకు గాడోలినియం మందులు వచ్చినయి, సీటీ మెరుగైంది, ఇనుము మందు కొనేటోడు లేకుండె. సెల్స్‌కు గుర్తు పెట్టేటోళ్లు ప్రపంచం మొత్తంల కొన్ని ల్యాబులే. వాళ్ల కోసం ఏ కంపెనీ ఫ్యాక్టరీ నడుపుతది? ఇది సైన్సు ఓడిపోవుడు కాదు, అంగడి లెక్క.

మామ: అంగడి లెక్క అని తీసిపారెయ్యకు. గుర్తు పెట్టిన సెల్ అంటే సర్కారు లెక్కల కొత్త మందు. మళ్ల జంతువుల మీద పరీక్ష, మళ్ల అనుమతి, మళ్ల ట్రయల్. ఒక డోసు ధర ఎంతకు పోతదో చూసినవా? కామారెడ్డిల 2023ల సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. అక్కడికి వచ్చే బర్జర్స్ రోగికి ముందు కావాల్సింది కాలి రక్తనాళాల డాప్లర్, బీడీ మాన్పించే మనిషి. ఎంఆర్‌ఐ టైమంత సెల్స్ లెక్కపెట్టడానికి ఇస్తవా?

అల్లుడు: ప్రతి రోగికి చెయ్యమని నేననలే. ట్రయల్‌ల చెయ్యమంటున్న. కొత్త సెల్ వైద్యం మొదటి ఇరవై ముప్పై మందికి గుర్తు పెట్టి ఎక్కియ్యాలె. సూది సరిగ్గ పడుతున్నదా, ఎంత లోతు పొడవాలె, ఎన్ని చోట్ల పొడవాలె, అది తేలినంక గుర్తు లేకుంట పెద్ద ట్రయల్‌కు పోవాలె. లేకుంటే ఓడిపోయిన ట్రయల్ ఎందుకు ఓడిపోయిందో ఎన్నటికీ తెల్వది.

మామ: ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిల ఎవలు గుర్తు పెట్టిన్రు? సున్నం పడి, యాసిడ్ పడి కంటి పైపొర కాలిపోయిన పోరగాండ్లకు 2001 నుంచి లింబల్ మూలకణాలు ఎక్కిస్తున్రు. ఇప్పటికి వందల మంది చూపు తెచ్చుకున్నరు. ప్రపంచంల పేరున్న సెల్ వైద్యం, మన బంజారాహిల్స్‌ల. ఒక్క ఇనుప రేణువు లేదు.

అల్లుడు: కన్ను కాబట్టి! కార్నియా అద్దం లెక్క బయట్నే ఉంటది. డాక్టరు స్లిట్ ల్యాంపు పెట్టి చూస్తడు, పొర నిలిచిందా, రక్తనాళాలు మళ్ల లోపలికి పాకుతున్నయా అని. వాళ్లు గెలిచిందే చూడగలిగినందుకు. ఏ తరీక పని చేస్తున్నదో కండ్లతోని చూసి, 2012 నాటికి ల్యాబుల సెల్స్ పెంచే పని లేకుంట, చిన్న ముక్కలు కోసి కంటి మీదనే పరిచే సులువైన తరీక తెచ్చిన్రు. సాంగ్వాన్ వాళ్లు దానికి ‘స్లెట్’ అని పేరు పెట్టిన్రు. ఈ ముచ్చట నీకంటే నాకే పనికొస్తది మామా. చూపు అందిన దగ్గర వైద్యం దౌడు తీసింది. లివర్‌ల, పిక్కల, గుండెల చూపు అందక కొట్టుకుంటున్నం.

(అల్లుడి వాదనలో ఇదే గట్టి దెబ్బ. పెద్దాయన దీన్ని కాదనలేదు. బొమ్మలో కనిపించేది ఏమిటన్న దాని మీదికి మాట మళ్లించాడు.)

మామ: చూపు అందినట్టు అనిపిచ్చుడు వేరు, అందుడు వేరు. స్లిట్ ల్యాంపుల చూసేది సెల్స్ పొరను. ఎంఆర్‌ఐల చూసేది ఇనుమును. ఇంకో రెండు చిక్కులున్నయి. సెల్ రెండుగ చీలితే ఇనుము సగం సగం అయితది. నాలుగైదు సార్లు చీలినంక మచ్చ పోతది. అంటే మంచిగ బతికి పెరిగే సెల్స్ మాయమైతయి, సచ్చి మాక్రోఫేజ్ కడుపుల పడ్డవి అగుపిస్తయి. తలకిందులు సాక్ష్యం. రెండోది, పాత రక్తస్రావం జరిగిన జాగల మిగిలే ఇనుము కూడా ఎంఆర్‌ఐల నల్లగనే ఉంటది. బర్జర్స్ కాలు అంటేనే పుండు, కుళ్లు, కమిలిన కండ. ఏ మచ్చ ఎవలదో దేవునికి కూడా తెల్వది.

అల్లుడు: రెండోదానికి మందున్నది. ఎక్కించే ముందు ఒక ఎంఆర్‌ఐ, ఎక్కించినంక ఒకటి. తేడా చూస్తే సరి. ఇనుము వద్దనుకుంటే ఫ్లోరిన్ ఉన్నది. ఒంట్ల మెత్తటి కండల ఫ్లోరిన్ దాదాపు ఉండది కాబట్టి కనిపించిందంటే నువ్వు పెట్టిందే. 2014ల అమెరికాల పేగు క్యాన్సర్ రోగుల సెల్స్‌కు పెట్టి చూసిన్రు. ఇంకా 2005ల ఫిలిప్స్ హాంబుర్గ్ ల్యాబు నుంచి గ్లైష్, వైజనెకర్ కొత్త మిషన్ ఆలోచన చెప్పిన్రు. అది నీళ్లను చూడది, నేరుగ ఇనుప రేణువునే చూస్తది. నల్లమచ్చ కాదు, వెలుగు మచ్చ. ఎంత ఇనుమున్నదో లెక్క కూడా ఇస్తది.

మామ: ఎంత ఇనుమున్నదో చెప్తది. ఎన్ని సెల్స్ బతికున్నయో?

అల్లుడు: ...అది చెప్పది.

మామ: అంతే.

అల్లుడు: అంతే కాదు. నువ్వు ఒకటి ఒప్పుకున్నవు, సూది ఎక్కడ పడ్డదో ఇనుము చెప్తదని. నేను ఒకటి ఒప్పుకుంటున్న, సెల్ బతికిందో లేదో అది చెప్పదని. అయితే రాసుకుందాం. ఎక్కించిన రోజు, మరుసటి రోజు తీసిన బొమ్మనే లెక్కకు తీసుకోవాలె. వారం దాటిన బొమ్మ రోగికి చూపెట్టొద్దు.

మామ: చూపెట్టొద్దంటే ఆగుతరా? బొమ్మ ఉన్నదంటే గోడకు తగిలిస్తరు. పేపర్ల అచ్చేస్తరు.

అల్లుడు: అయితే బొమ్మలు వద్దందామా, ఆ పని చేసేటోళ్లను పట్టుకుందామా?

మామ: పట్టుకునేటోళ్లు భిక్నూర్ దాక ఎప్పుడొస్తరో చెప్పు, అప్పుడు నేను కూడా నీ ఇనుముకు ఓటేస్త.

వాళ్లిద్దరూ అక్కడితో రాజీపడలేదు. అల్లుడి మాటలో సగం నేను తీసుకుంటాను: కొత్త సెల్ వైద్యాన్ని మొదట పరీక్షించే కొద్దిమందిలో సూది ఎక్కడ పడిందో చూడకుండా ముందుకు పోవడం తప్పు. ఆ చూపుకు చిన్న జాగలో ఇనుము, పెద్ద అవయవంలో టెక్నీషియం సరిపోతాయి. పెద్దాయన మాట మొత్తం తీసుకుంటాను: వారాల తర్వాత మిగిలిన నల్లమచ్చను ‘సెల్స్ పని చేస్తున్నాయి’ అని ఎవరూ చదవకూడదు.

ఇంట్లో ఇట్లాంటి రోగి ఉన్నవాళ్లకు ఒక మాట. రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి, డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉన్న కొద్ది మందులు తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ట్రయల్‌లో భాగంగానే జరగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2009 నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌ను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చెయ్యాలి. ఆ సీటీఆర్‌ఐ నంబరు ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ట్రయల్‌లో ఇచ్చే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామంటే ముందు ఆ నంబరో, ఆ మందుకున్న అనుమతి కాగితమో అడగండి. రెండూ లేవన్నా, ట్రయల్ అని చెప్పి డబ్బు అడిగినా లేచి వచ్చెయ్యండి. ఈలోగా బీడీ మానిపించండి. బర్జర్స్ వ్యాధిని ఆపుతుందని ఇప్పటివరకు గట్టిగా తేలిన మందు అదొక్కటే.